దసరా నుంచి సంక్రాంతి దాకా: మన పిల్లకాయల బడిలో అసలేం జరుగుతోంది?

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన దగ్గర్నుంచి సంక్రాంతి సెలవులు ఇచ్చేదాకా, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ప్రైమరీ స్కూల్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూప్ తెరిచినా మెసేజ్‌లు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటాయి. రేపు సెలవు అని ఒకటి, రెండో శనివారం బడి ఉంది అని ఇంకొకటి, పాప ఆధార్ అప్‌డేట్ చేయించండి, అపార్ ఫారం మీద సంతకం పెట్టి పంపండి, ఎస్‌ఏ-1 టైం టేబుల్ ఇదీ, మీటింగ్‌కి తప్పకుండా రండి, ఐరన్ మాత్ర వేస్తున్నాం అన్నం తినకుండా పంపొద్దు. కొందరు ఇవన్నీ బడి వాళ్ల గోల అనుకుని వదిలేస్తారు. కొందరు ప్రతి మెసేజ్‌కీ టెన్షన్ పడిపోయి పనులు మానుకుని బడికి పరిగెత్తుతారు. ఏది దేనికోసం వస్తోందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోవడం వల్లే ఈ తిప్పలు. వీటిలో చాలావాటికి మూలం ఒకటే, అది మన వాన.

రాష్ట్రంలో చాలా జిల్లాలకి వానాకాలమంటే జూన్ నుంచి సెప్టెంబరు. మనకి అలా కాదు. నెల్లూరు జిల్లాలో ఏడాది మొత్తం పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది, ఈశాన్య రుతుపవనాల వల్ల. ఒంగోలు వైపు కూడా ఈ మూడు నెలల వాటా పెద్దదే. పైగా బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే కాలమూ ఇదే. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోవడం, కోవూరు దగ్గర హైవే తెగిపోవడం ఎవరూ మర్చిపోలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర దాటింది, రెండుసార్లూ మన బడులు మూతపడ్డాయి. అయితే బడుల క్యాలెండర్ మాత్రం రాష్ట్రం మొత్తానికీ ఒక్కటే. ఏ నెలలో ఏ పాఠం, ఎప్పుడు ఏ పరీక్ష అన్నది శ్రీకాకుళానికీ మనకీ ఒకేలా ఉంటుంది. అందులో పాఠాలు జోరుగా సాగాల్సిన కాలం అక్టోబరు నుంచి డిసెంబరు. మనకి ముసురు పట్టే కాలమూ సరిగ్గా అదే. మన టీచర్లు మిగతా జిల్లాల వాళ్లంత సిలబస్సే మనకి మిగిలిన తక్కువ రోజుల్లో లాగాల్సి వస్తోంది, ఈ సంగతి తల్లిదండ్రులకి తెలిసి ఉండాలి.

సెలవు ఎవరు ఇస్తారన్న దాని మీద ఏటా గొడవే. హెడ్మాస్టర్‌కి ఫోన్ చేసి సార్ రేపు సెలవేనా అని అడుగుతాం, ఆయన ఇంకా ఆర్డర్ రాలేదండీ అంటాడు, ఈయనకి పిల్లల మీద జాలి లేదని మనం తిట్టుకుంటాం. ఆయన చేతిలో ఏమీ లేదు. తుఫాను సమయంలో జిల్లాకి విపత్తు నిర్వహణ బాధ్యత కలెక్టర్‌ది, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయి అథారిటీకి కలెక్టరే అధ్యక్షులు. వాతావరణ శాఖ హెచ్చరిక, విపత్తుల సంస్థ సమాచారం చూసుకుని కలెక్టర్ నిర్ణయం తీసుకుంటారు, అది జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో)కి, అక్కడినుంచి మండల విద్యాధికారుల (ఎంఈవోల)కి, ఎంఈవోల నుంచి హెడ్మాస్టర్లకి వస్తుంది. వాయుగుండం దిశ మారుతూ ఉంటుంది కాబట్టి నిర్ణయం రాత్రి పొద్దుపోయాక రావడం, ఒక్కోసారి తెల్లారి రావడం మామూలే. జిల్లా మొత్తానికీ ఇవ్వొచ్చు, కొన్ని మండలాలకే ఇవ్వొచ్చు. అందుకే విడవలూరులో సెలవున్న రోజు ఆత్మకూరులో బడి నడిచినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఇంకో విషయం, పోయినేడాది ఆర్డర్‌కి తేదీ మార్చి గ్రూపుల్లో తిప్పేవాళ్లు ప్రతి తుఫానుకీ తయారవుతారు. బడి టీచర్ గ్రూప్‌లో పెడితేనే నమ్మండి.

వాన తగ్గినా బడి తెరవకపోతే కోపం తెచ్చుకోకండి. ఇందుకూరుపేట, కొత్తపట్నం లాంటి తీర మండలాల్లో బడి భవనాన్నే పునరావాస కేంద్రం చేస్తారు. అక్కడ తలదాచుకున్న కుటుంబాలు వెళ్లాక గదులు కడగాలి, నీళ్ల ట్యాంకు శుభ్రం చేసి క్లోరిన్ వేయాలి, తడిసిన గోడలూ కరెంటు వైర్లూ చూసుకోవాలి. తడి గోడ మీద స్విచ్ బోర్డు ఉన్న గదిలో పిల్లల్ని కూర్చోబెట్టడం కంటే ఒక రోజు ఆలస్యమే మేలు.

ఇప్పుడు అందరూ విసుక్కునే రెండో శనివారం సంగతి. విద్యా హక్కు చట్టం ప్రకారం 1 నుంచి 5 తరగతులకి ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. తుఫానుకి పోయిన రోజుల్ని పూడ్చాలంటే రెండో శనివారమో ఆదివారమో బడి పెట్టాల్సిందే. చాలామందికి తట్టని మెలిక ఇక్కడే ఉంది. కలెక్టర్ సెలవు ఇచ్చిన రోజు బడికి పనిదినమే కాదు కాబట్టి ఆ రోజు మీ పిల్లకి ఆబ్సెంట్ పడదు, హాజరు శాతం తగ్గదు. దానికి బదులుగా పెట్టిన శనివారం మాత్రం పూర్తి పనిదినం. ఆ రోజు చుట్టాలింటికి తీసుకుపోతే ఆబ్సెంట్ పడుతుంది. మామూలుగా రెండో శనివారం సెలవే కదా అన్న అలవాటులో పంపకుండా ఉండిపోయేవాళ్లు ఈ మూడు నెలల్లోనే రెండు మూడు రోజులు పోగొట్టుకుంటారు. సెలవు ఇవ్వని రోజు వాన పడుతోందని మనమే ఇంట్లో ఆపేసినా అంతే, అది ఆబ్సెంటే.

హాజరు గురించి ఇంత చెప్పడానికి కారణం డబ్బు ఒక్కటే అనుకోవద్దు కానీ డబ్బు కూడా కారణమే. పిల్లల్ని బడికి పంపే తల్లులకి రాష్ట్ర ప్రభుత్వం డబ్బు వేసే తల్లికి వందనం పథకం కింద ఒక్కో పిల్లకి ఇచ్చే 15,000 రూపాయల్లో తల్లి ఖాతాకి వచ్చేది 13,000, మిగతా 2,000 బడి నిర్వహణకి పోతుంది. దీనికి 75 శాతం హాజరు ఉండాలన్నది నిబంధన. 200 పనిదినాలు అనుకుంటే 50 ఆబ్సెంట్లు దాటకూడదు. చాలా ఉన్నట్టే కనిపిస్తుంది. నెల్లూరు డెల్టాలో నవంబరు, డిసెంబరుల్లో వరి నాట్లు పడతాయి, టంగుటూరు, సింగరాయకొండ వైపు పొగాకు నాట్లు కూడా ఈ రోజుల్లోనే. అమ్మ తెల్లవారుజామున నాట్లకి వెళ్తే చంటిదాన్ని ఎవరు చూడాలి? నాలుగో తరగతి చదివే అక్క. అలా వారానికి రెండు రోజులు అక్క ఆగిపోతే ఆ యాభై ఎప్పుడు నిండుతాయో తెలియదు. వీళ్లని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, నాట్ల కూలి ఆ ఇంటికి ఏడాదిలో దొరికే మంచి కూలి. అయితే చంటిపిల్లల్ని అంగన్‌వాడీలో వదిలి పెద్దపిల్లని బడికి పంపే దారి ఉంది. మూడేళ్లు నిండిన పిల్లల్ని అంగన్‌వాడీలో కూర్చోబెడతారు, అన్నం కూడా పెడతారు. ఇంకా చిన్నవాళ్లయితే వీధిలో నాట్లకి పోని ఒక పెద్దావిడ దగ్గర నలుగురు పిల్లల్ని వదిలే ఏర్పాటు నాట్లు మొదలయ్యే ముందే మాట్లాడుకోవాలి.

సంతకాలూ జిరాక్సులూ వేరే కథ. ఎక్కువమంది బెంబేలెత్తేది వీటికే, కానీ విడదీసి చూస్తే మూడే పనులు.

మొదటిది ఆధార్. అయిదేళ్ల లోపు పిల్లలకి ఇచ్చే ఆధార్‌లో వేలిముద్రలూ కంటిపాపా ఉండవు, ఫొటో ఒక్కటే. అయిదు నిండాక వేలిముద్రలు, కంటిపాప, కొత్త ఫొటో ఇచ్చి తీరాలి. ఏడేళ్లు వచ్చినా చేయించకపోతే ఆ ఆధార్ పనిచేయకుండా పోవచ్చు. అయిదు నుంచి ఏడేళ్ల లోపు ఎప్పుడూ ఉచితమే. ఏడు దాటినవాళ్లకి ఉన్న రుసుమును కూడా 2025 అక్టోబరు 1 నుంచి ఏడాదిపాటు ఎత్తేశారు. ఒకటో తరగతిలో, రెండో తరగతిలో పిల్లలున్న ఇళ్లకే ఈ మెసేజ్ ఎక్కువగా రావడానికి కారణం ఇదే.

రెండోది అపార్. ఇది పిల్లకి జీవితాంతం ఉండే 12 అంకెల చదువు నంబరు, మార్కులూ సర్టిఫికెట్లూ తర్వాత దీని కిందకి చేరతాయి. దీనికి తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి, మీ సంతకం అడిగేది అందుకే. సంతకం పెట్టి పంపాక కూడా కాలేదండీ అని వెనక్కి వస్తోందంటే చాలావరకు పేరు దగ్గరే తంటా. బడి రికార్డులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, ఆధార్‌లో ఉన్నవీ ఒకటిగా ఉండాలి. మనవాళ్లు బడిలో చేర్చేటప్పుడు ఇంటిపేరుకి పొడి అక్షరం చెబుతారు, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది. ఒకచోట పేరు చివర అమ్మ, రెండోచోట ఆ అమ్మ ఉండదు. ఒకచోట పుట్టిన తేదీ జూన్ 10, ఇంకోచోట జనవరి 1. మనిషి కంటికి ఇద్దరూ ఒకే పిల్ల, కంప్యూటర్‌కి మాత్రం ఇద్దరు పిల్లలు. ఏది దిద్దాలన్నది ముందు తేల్చుకోండి. జనన ధ్రువీకరణ పత్రం పక్కన పెట్టుకుని రెండూ పోల్చి, తప్పు ఏ వైపు ఉందో ఆ వైపు దిద్దించాలి. తొందరపడి ఆధార్‌లో మార్పించేయకండి, ఎందుకంటే ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే, పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు. తప్పు బడి రికార్డులో ఉంటే హెడ్మాస్టర్ దగ్గర ఒక అర్జీ, దానికి జనన పత్రం జిరాక్స్ ఇచ్చి అడగండి.

మూడోది బ్యాంకు ఖాతా. ఇక్కడ పెద్ద అపోహ ఉంది. స్కూల్లో ఏ పాస్‌బుక్ జిరాక్స్ ఇస్తే అందులో డబ్బు పడుతుందని అనుకుంటారు. ఆధార్ ఆధారంగా వేసే డబ్బు తల్లి ఆధార్‌కి చివరిగా ఏ ఖాతా అనుసంధానం అయిందో దాంట్లోకే పోతుంది, పాస్‌బుక్ జిరాక్స్ ఏదైనా సరే. మధ్యలో ఎక్కడో పొదుపు సంఘం లోన్ కోసమో గ్యాస్ రాయితీ కోసమో ఇంకో ఖాతా తెరిచి ఆధార్ ఇచ్చి ఉంటే డబ్బు అందులో పడి ఉండొచ్చు. పడలేదని బడి మీద పడే ముందు బ్యాంకులో ఎన్‌పీసీఐ లింకు, అంటే ఆధార్‌తో డబ్బు పడే లింకు, ఏ ఖాతాకి ఉందో అడగండి. ఈ మూడు పనులకీ వచ్చే మే, జూన్ నెలల్లో అందరూ ఒకేసారి సెంటర్ల ముందు క్యూ కడతారు. టీచర్లు ఇప్పుడే తొందరపెట్టడం అందుకే.

పరీక్షల మాటకొస్తే, దసరా తర్వాత నవంబరు ప్రాంతంలో వచ్చే మొదటి సమ్మేటివ్ పరీక్ష, అంటే ఎస్‌ఏ-1ని ప్రైమరీలో ర్యాంకుల పరీక్షలా చూడనక్కర్లేదు. సగం ఏడాదికి పిల్ల ఎక్కడుందో చూసుకునే కొలత అది. తుఫాను మధ్యలో వస్తే తేదీలు మారతాయి, పాఠాలు పూర్తికాకుండానే పేపర్ వచ్చేస్తుంది కూడా. అందుకని ఎస్‌ఏ-1లో మార్కు తగ్గిందని పిల్లని కొట్టడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. పాఠమే చెప్పని రోజులకి ఆ పిల్లేం చేస్తుంది?

మార్కుల కంటే ముందు చూడాల్సింది వేరే ఉంది, దానికి టీచర్ కూడా అక్కర్లేదు. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో ఏ తరగతికి ఎంత రావాలో స్పష్టంగా పెట్టారు. ఒకటో తరగతి అయ్యేసరికి నాలుగైదు పదాల చిన్న వాక్యాలు చదవాలి, 99 దాకా అంకెలు రావాలి. రెండో తరగతి అయ్యేసరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలి, 999 దాకా అంకెలు. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు, 9999 దాకా అంకెలు, చిన్న చిన్న గుణకారాలు.

దీన్ని ఇంట్లో చూడటం ఇలా. వాన పడి బడి లేని రోజు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు వాచకం తీయండి. బడిలో చెప్పేసిన పాఠం వద్దు, పిల్లలు దాన్ని చూడకుండానే అప్పజెబుతారు, మనం చదువుతోందని మురిసిపోతాం. చివరి పాఠాల్లోంచి ఇంకా చెప్పని ఒక పేజీ తెరిచి, ఫోన్‌లో ఒక నిమిషం పెట్టి, వేలు పెట్టి చదవమనండి. నిమిషం అయ్యాక వేలు ఎక్కడుందో అక్కడ పెన్సిల్‌తో చిన్న గీత గీసి పదాలు లెక్కపెట్టండి. ఏ అక్షరం దగ్గర ఆగుతోందో గమనించండి. చాలామంది ఒత్తుల దగ్గర ఆగుతారు, 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల దగ్గర మరీ. కొందరు గుణింతంలోనే ఏత్వం, ఐత్వం కలిపేస్తారు. అక్కడ ఆగితే అదే పని పట్టుకోవాలి. చదివాక ఆ పేజీలో ఏం జరిగిందని ఒక్క ప్రశ్న అడగండి, చెప్పలేకపోతే శబ్దం వస్తోంది కానీ అర్థం అందడం లేదన్నమాట. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు, హైస్కూల్లో చదివే పక్కింటి పిల్లని కూర్చోబెట్టండి. తెలుగు బాగా అందితే ఇంగ్లిష్‌లోనూ కుదురుకుంటుంది. లెక్కల్లాంటి పుస్తకాల్లో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిష్ ఉండటం మనకి కలిసొచ్చే విషయమే, తెలుగు పేజీ అర్థమయ్యాకే ఇంగ్లిష్ పేజీకి వెళ్లండి.

మధ్యాహ్న భోజనం గురించి రెండు మాటలు. ప్రైమరీ పిల్లకి పూటకి 100 గ్రాముల బియ్యం, మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది దేశమంతటా ఉన్న లెక్క. మన రాష్ట్రంలో డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, గుడ్డు, రాగిజావ, చిక్కీ ఉన్నాయి. సెలవు ఇచ్చిన రోజు ఈ అన్నం ఉండదు. వాన వల్ల కూలి లేని ఇంట్లో, బడి కూడా లేని రోజు పిల్లలు ఏం తింటారన్నది వరసగా మూడు రోజులు సెలవులు వచ్చినప్పుడు ఇరుగుపొరుగు చూసుకోవాల్సిన విషయం. ముసురులో గుడ్లూ కూరగాయలూ ఆలస్యమై మెనూ మారిందంటే ముందు వండే ఆయమ్మలని అడగండి, ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టడం తర్వాత చూసుకోవచ్చు. నీళ్లు మాత్రం తప్పక అడగాల్సిందే, తుఫాను తర్వాత తాగునీరు ఎక్కడినుంచి వస్తోందని.

ఆరోగ్యం వైపు మూడు చిన్న సంగతులు. వారానికి ఒకటి వేసే గులాబీ రంగు ఐరన్ మాత్ర రక్తహీనత రాకుండా, అన్నం తిన్నాకే వేసుకోవాలి, ఆ తర్వాత విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. పదేళ్లు నిండిన పిల్లలకి ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసే టీడీ టీకా ఉంది, అయిదో తరగతి వాళ్ల కార్డు ఒకసారి చూసుకోండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, అంటే బడి వేళలో. పిల్లకి జ్వరం ఉంటే హాజరు పోతుందని మాత్ర వేసి బడికి పంపకండి, టీచర్‌కి ఫోన్ చేసి చెప్పి ఇంట్లో ఉంచండి.

చివరిగా మీటింగ్. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ 2024 డిసెంబరు 7న మొదలై 2025 జులై 10న, 2025 డిసెంబరు 5న జరిగింది. రంగవల్లులూ ఆటలూ భోజనాలూ బాగానే ఉంటాయి కానీ ఆ హడావుడిలో టీచర్‌తో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడకుండా వచ్చేయకండి. మావాడు ఎలా చదువుతున్నాడు సార్ అని అడిగితే బాగానే చదువుతున్నాడమ్మా అని వస్తుంది. ఇంట్లో నిమిషం పెట్టి చూసిన ఆ పెన్సిల్ గీత పేజీ తీసుకెళ్లి, ఇక్కడ ఆగుతున్నాడు మేడం, మీ దగ్గర కూడా ఇక్కడే ఆగుతున్నాడా అని అడగండి, మాట వేరేలా నడుస్తుంది.

బడి సంగతులు అడిగే చోటు మాత్రం ఆ పండగ రోజు కాదు, తల్లిదండ్రుల కమిటీ, అంటే పాఠశాల యాజమాన్య కమిటీ. విద్యా హక్కు చట్టం ప్రకారం ఇందులో ముప్పావు వంతు సభ్యులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు. మన రాష్ట్రంలో 2024 ఆగస్టులో వీటికి ఎన్నికలు జరిగాయి. మీ తరగతి తరఫున ఎవరున్నారో తెలియకపోతే ఇవాళే కనుక్కోండి. వంటగది కప్పు కారుతోందా, మరుగుదొడ్డికి నీళ్లు రావడం లేదా, వరండా గోడ బీట తీసిందా, అవి నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా కమిటీ తీర్మానాల పుస్తకంలో రాయించి, సభ్యుల సంతకాలు పెట్టించండి. ప్రతి పిల్ల పేరు మీదా బడి నిర్వహణకి పోతున్న ఆ 2,000 ఎక్కడ ఖర్చయిందో కూడా అదే మీటింగ్‌లో అడగొచ్చు, అడగడం మీ హక్కు. వచ్చే వాయుగుండం పట్టకముందే అడగండి.